చెప్పులు విప్పించి తీసిన కొలత

రెండువేల ఇరవై మూడో సంవత్సరం. ఎండ తగ్గి, సముద్రం మీది గాలి చల్లబడే రోజులు. సౌదీలోని జుబైల్‌లో పడవలు బాగుచేసే వర్క్‌షాపులో నేను చేరి అప్పటికి తొమ్మిదేళ్లు. పడవ సీట్లకు మెత్తలు కుట్టడం, డెక్కు మీద కార్పెట్ పరచడం నా పని. డెక్కు అంటే పడవలో మనం నిలబడే నేల. నాకు చదువు లేదు. సంతకం చేస్తాను, అంకెలు పోల్చుకుంటాను, అంతే. ఈ మాటలు నేను చెప్తుంటే మా చెల్లెలి కూతురు రాస్తున్నది. హుస్సేనమ్మ చేత్తో కొలిస్తే టేపు పెట్టి చూడనక్కర్లేదని మా షాపులో నాకో పేరు ఉండేది. ఆ పేరు పోగొట్టుకున్న పని గురించి చెప్తాను.

మాది రాయచోటి దగ్గర పల్లె. దూదేకులవాళ్లం. దూది ఏకి పరుపులు కుట్టడం మా ఇంటి పని. మా ఆయనా అదే చేసేవాడు. ఆయన పోయాక ఖద్దామా వీసా మీద, అంటే ఇంటిపని వీసా మీద, ఈ దేశం వచ్చాను. నేను పనిచేసిన ఇంటాయనదే ఈ వర్క్‌షాపు. ఒకసారి వాళ్ల ఇంట్లో చినిగిపోయిన దిండ్లన్నీ విప్పి మళ్లీ కుట్టి పెడితే, ఆయన వాటిని తిప్పి తిప్పి చూసి, ఈ చేతులు వంటింట్లో ఉండాల్సినవి కావని షాపుకు మార్చాడు. ఇకామాలో, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే అనుమతి కాగితంలో, పని పేరు కూడా మార్పించాడు. షాపులో చెక్కపని, ఫైబర్ పని చేసేది మల్లేశం. జగిత్యాల వైపు మనిషి. రంపం పట్టేది ఆయన, గీత గీసేది నేను.

ఆ ఏడాది మా దగ్గరికి ఒక బాస్ బోటు వచ్చింది. బాస్ అనేది ఎక్కడో మంచినీళ్ల చెరువుల్లో దొరికే చేపట. ఆ చేప ఇక్కడ లేదు గానీ దాని పడవ మాత్రం వచ్చింది. పళ్లెంలా పల్చగా, నీళ్లకు దగ్గరగా ఉంటుంది. ముందు భాగమంతా చదునైన డెక్కు. చేపలు పట్టేవాడు అక్కడే నిలబడి గాలం వేస్తాడు. పెద్ద ఇంజను వెనక ఉంటుంది. చేపల దగ్గరికి చేరాక దాన్ని ఆపి, ముందున్న చిన్న బ్యాటరీ మోటారును నీళ్లలోకి దించుతారు. దాన్నే ట్రోలింగ్ మోటార్ అంటారు. అది చప్పుడు చేయదు, చేప బెదరదు. దాన్ని కాలితో నడపాలి. డెక్కు మీద కుట్టుమిషను పెడల్ లాంటిది ఉంటుంది. అందులో మీట మీద పాదం ఆనితే మోటారు తిరుగుతుంది. వేళ్లతో నొక్కితే పడవ కుడికి పోతుంది, మడమతో నొక్కితే ఎడమకు. చేతులు రెండూ గాలానికి, కాలు పడవకు. 

దీంట్లో చిక్కు ఒకటుంది. ఆ పెడల్ డెక్కు మీద బెత్తెడు ఎత్తు లేచి ఉంటుంది. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టుకుని పొద్దంతా నిలబడితే ఎట్లుంటుందో అట్లా ఉంటుంది. బాగున్న నడుము కూడా పట్టేస్తుంది. అందుకని డెక్కును పెడల్ మేరకు కోసి, ఆ గుంటలో ఒక ట్రే దించి, పెడల్‌ను అందులో కూర్చోబెడతారు. అప్పుడు రెండు కాళ్లూ ఒక్క మట్టంలో ఉంటాయి. చెప్పుకోవడానికి ఇంతే. కోయడానికి మాత్రం గుండె కావాలి. కోసేది పడవ నేలను.

ఆ పడవ తెచ్చింది అబూ నాసర్ అనే పెద్దాయన, ఆయన కూతురు నూరా. పికప్పు వెనక పడవ ట్రైలరు తగిలించుకుని నూరానే నడుపుకుంటూ వచ్చింది. ఆస్పత్రి ల్యాబులో ఉద్యోగం ఆ పిల్లకు. అబూ నాసర్ ఇక్కడి పెట్రోకెమికల్ ప్లాంటులో ముప్పై ఏళ్లు ఆపరేటరుగా చేశాడు. ఒక షట్‌డౌన్‌లో, అంటే ప్లాంటంతా ఆపి మరమ్మతులు చేసే రోజుల్లో, పైపు మీద పడి కుడికాలు విరిగింది. ఎముక అతికింది గానీ కాలు పొట్టిదైంది, మోకాలు పూర్తిగా వంగదు. వాళ్లు మాట్లాడేది అరబ్బీ. వంటింట్లో నేర్చిన అరబ్బీ నాది. ఆ మాటలు మన భాషలో చెప్తున్నాను.

"ఖాలా, సంగతి దాచకుండా చెప్తాను" అంది నూరా. ఇక్కడ నన్ను పిల్లలందరూ ఖాలా అనే పిలుస్తారు, పిన్నమ్మ అన్నట్టు. "బాబా ఆ పెడల్ మీద కాలు పెడితే మనిషి ఒక పక్కకు ఒరిగిపోతాడు. వెనక నిలబడి నేను ఆయన బెల్టు పట్టుకోవాలి. రెండేళ్లుగా ఇదే. నాకు సెలవు దొరికితేనే ఆయనకు సముద్రం."

"చేప నా గాలానికి పడదు గానీ నేను దీని చేతికి పడ్డాను" అన్నాడు అబూ నాసర్.

నూరా నవ్వలేదు. "ఈ పని కుదిరితే సరే. కుదరకపోతే పడవ అమ్మేద్దామని ఇద్దరం మాట అనుకున్నాం. పోయిన నెల నా చెయ్యి జారింది. ఈయన నీళ్లలో పడ్డాడు."

పెద్దాయన నా వైపు తిరిగాడు. "యా ఉఖ్తీ, చెల్లెమ్మా, బెల్టు పట్టుకునేవాళ్లు లేకుండా నేను ఒక్కసారి నిలబడాలి. చేప పడకపోయినా ఫరవాలేదు."

కొలతకు రెండు రోజుల తర్వాత రమ్మన్నాం. ముందు లోపల ఏముందో చూడాలి కదా. డెక్కు మీద హాచ్ అని మూత ఉంటుంది. అది ఎత్తి కిందికి దూరితే డెక్కు అడుగు కనిపిస్తుంది. మా షాపులో అందులో పట్టే మనిషిని నేనొక్కదాన్నే. టార్చి పళ్లతో పట్టుకుని వెల్లకిలా జరుగుతూ పోయి చేత్తో తడిమి చూశాను. ఒక పక్క కరెంటు వైర్ల కట్ట, ఇంకో పక్క డెక్కును మోసే అడ్డ దూలం, రెంటికీ మధ్య జానెడుకు పైన ఖాళీ ఉంది. "పడతాది మల్లేశా, కుడి పక్క దూలానికి మాత్రం ఎక్కువ జరగగూడదు" అని లోపల్నుంచే అరిచి చెప్పాను. ఆ రెండు రోజుల్లోనే డెక్కు మీది పాత కార్పెట్ తీసేసి కొత్తది పరిచాను.

కొలత రోజున నూరా తండ్రిని గేటు దగ్గర దించి డ్యూటీకి వెళ్లిపోయింది. ఆయన పడవ ఎక్కబోతుంటే, ఎవరికైనా చెప్పినట్టే ఆయనకూ చెప్పాను: "బాబా, చెప్పులు ఇప్పి ఎక్కండి. కార్పెట్ కొత్తది."

అది నా పద్ధతి. పరుపు కుట్టే ఇంట్లో పుట్టినదాన్ని, పరిచిన గుడ్డ మీదికి చెప్పుకాలుతో ఎవరన్నా వస్తే నాకు ఒళ్లు మండుతుంది. మా ఓనరు కూడా నా కార్పెట్ మీదికి చెప్పులతో రాడు. ఇక్కడివాళ్లకు ఇది వింత కూడా కాదు, వాళ్లూ తివాచీ మీదికి చెప్పులు వేసుకుని పోరు. అబూ నాసర్ ఒక్క క్షణం ఆగాడు. తర్వాత ఏమీ అనకుండా ట్రైలరు అవతలి పక్కకు పోయి విప్పి, పడవ అంచు పట్టుకుని ఎక్కాడు. ఆ ఆగడం నేను చూశాను. కాలు నొప్పి కాబోలు అనుకున్నాను.

పెడల్ పక్కన నిలబెట్టి చూస్తే ఆయన కుడి మడమ నేలకు ఆనలేదు. వేళ్ల మీద నిలబడ్డాడు. మడమ కింద నా రెండు వేళ్లు పట్టాయి. అప్పుడు నాకొక తెలివి పుట్టింది. పెడల్‌ను పూర్తిగా డెక్కు మట్టానికి దించితే ఈయన కాలు అందదు. ట్రే అడుగున రెండు వేళ్ల మందం చెక్క పెట్టి దాని మీద పెడల్ బిగిస్తే, పొట్టి కాలికి సరిగ్గా అందుతుంది. ఆ మాట చెప్తే మల్లేశం కూడా మెచ్చుకున్నాడు. "అక్కా, నువ్వు సదువుకుంటే ఇంజినీరువయ్యేదానివి" అన్నాడు. నేను పొంగిపోయాను. ఆయన పాదానికి పౌడరు రాసి కార్పెట్ మీద అచ్చు తీశాను. ఆ అచ్చుకు, పెడల్ వెడల్పుకు కలిపి అట్టముక్కతో టెంప్లేట్ కత్తిరించాను. టెంప్లేట్ అంటే కోతకు నమూనా.

కోసే పని గురించి కూడా రెండు మాటలు చెప్తాను, తెలుసుకోవాలని ఉన్నవాళ్లకు పనికొస్తుంది. కార్పెట్ ఉండగా డ్రిల్లు పెట్టకూడదు. పోగులు డ్రిల్లుకు చుట్టుకుని, ఒక్క చిటికెలో గజం పొడవు కార్పెట్ లేచిపోతుంది. ముందు కత్తితో కార్పెట్ కోసి మడిచి పక్కకు అతికించాలి. నాలుగు మూలల్లో గుండ్రటి రంధ్రాలు వేసి, ఆ తర్వాతే జిగ్‌సా, అంటే సన్న బ్లేడు కరెంటు రంపం, ఒక రంధ్రం నుంచి ఇంకో రంధ్రానికి నడపాలి. మూల చదరంగా కోస్తే అక్కడి నుంచే డెక్కు చీలుతుంది. కోసిన అంచులో లోపలి చెక్క బయటపడుతుంది. దానికి రెజిన్ పట్టించాలి. ఫైబర్‌ను గట్టిపరిచే జిగురు అది. అది పట్టించకపోతే నీళ్లు తాగి చెక్క కుళ్లిపోతుంది. ట్రే అడుగున నీళ్లు పోవడానికి చిన్న గొట్టం పెట్టాలి. ఇవన్నీ మేం తప్పు లేకుండా చేశాం. ట్రే గుంటలో కూర్చుని, కార్పెట్ అంచు దాని పెదవి కిందికి పోయాక, అక్కడ ఎప్పటినుంచో గుంట ఉన్నట్టే ఉంది.

అబూ నాసర్ మళ్లీ వచ్చాడు. మళ్లీ చెప్పులు విప్పి ఎక్కాడు. పాదం పెడితే పెడల్ అరచేతిలో అరచెయ్యి పెట్టినట్టు కలిసింది. గాలం విసిరినట్టు చేతులు గాల్లోకి విసిరి నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ శుక్రవారం సాయంత్రం పడవలు ఆగే జెట్టీకి పోయాం. రాతిగట్టు లోపలి పక్క నీళ్లు నిలకడగా ఉంటాయి. మల్లేశం పడవ వెనక సీట్లో కూర్చున్నాడు. నూరా, నేను గట్టు మీద నిలబడ్డాం. అబూ నాసర్ పడవ ముందుకు నడిచాడు, మోటారు దించాడు, పెడల్ మీద కాలు పెట్టాడు. పడవ మెల్లగా కదిలింది. ఆ తర్వాత కుడికి తిరిగింది. ఇంకా తిరిగింది. తిరుగుతూనే ఉంది. గానుగెద్దులా గుండ్రంగా తిరుగుతున్న పడవలో ఆయన కాలు లాక్కోవాలని చూస్తున్నాడు, కాలు రావడం లేదు. పక్క పడవలవాళ్లు మొదట నవ్వారు. ఆయన చేతుల మీద బోర్లా పడ్డాక నవ్వు ఆపేశారు. మల్లేశం ఎగిరి పోయి మోటారు వైరు పీకేసి, ఆయన కాలు బయటికి లాగాడు.

గట్టెక్కాక చూస్తే ఆయన మణికట్టు గీరుకుపోయి రక్తం కారుతోంది. నూరా తన కండువా చించి కట్టింది. ముడి బిగిస్తూ చెప్పింది. "ఖలాస్, బాబా. అయిపోయింది. రేపే ఫోటోలు తీసి అమ్మకానికి పెడతాను."

ఆయన తల ఊపాడు. "గుంట బాగానే ఉంది" అన్నాడు నాతో, నన్ను ఓదారుస్తున్నట్టు. "నా కాలే పనికిరానిది. నీ తప్పేం లేదు చెల్లెమ్మా."

వాళ్లు పికప్పులో పోయి కూర్చున్నారు. సామాను దించడానికి నేను పడవెక్కాను. గుంట పక్కన ఆయన కుడికాలి బూటు పడి ఉంది. మల్లేశం కాలు బయటికి లాగినప్పుడు ఊడిపోయినట్టుంది. దాన్ని చేతిలోకి తీసుకోగానే బరువు తేడాగా తగిలింది. తిప్పి చూశాను. అడుగున రెండు వేళ్ల మందం రబ్బరు అట్ట. పొట్టి కాలికి ఎత్తు సరిపోవడానికి డాక్టర్లు చేయించిన బూటు అది. అడుగు వెడల్పు కూడా మామూలు బూటుకన్నా ఎక్కువ, తూలకుండా ఉండాలని. ట్రేలో పెట్టి చూశాను. ముందు వైపు వంచితే అంచు వెళ్లి పెడల్‌కూ గోడకూ మధ్య బిగుసుకుపోయింది. నా బలంతో లాగినా రాలేదు. దాని ఎత్తు రెండు వేళ్లు, నేను తెలివిగా పెట్టించిన చెక్క రెండు వేళ్లు. మోకాలు వంగని మనిషికి నేను మళ్లీ మెట్టు కట్టి ఇచ్చాను.

మల్లేశాన్ని పిలిచి చూపించాను.

"మల్లేశా, కాలుది కాదబ్బా తప్పు. నాది."

ఆయన చూసి తల పట్టుకున్నాడు. "నువ్వే గదా అక్కా చెప్పులు ఇప్పమన్నది."

"నేనే. ఉత్తకాలికి కొలత తీస్తి. సముద్రానికి ఎవురైనా ఉత్తకాళ్లతో వస్తారా, గాలాలు గుచ్చుకోవూ?"

మల్లేశం పికప్పు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఊకో అక్కా. ఆళ్లు కాలుదే తప్పనుకుంటున్నరు. గట్లనే అనుకోనీ. మనం జెప్తే ఓనరు ముంగట ఇద్దరికీ మాట వస్తది. పడవ అమ్ముకుంటరు, అయిపాయె."

"పడవ అమ్ముకుంటే అమ్ముకోనీ. ఆ పెద్దాయన తన కాలు పనికిరాదని నమ్మి కూకున్యాడే, దాన్నేం చేస్తావు?"

"నాకేం ఎర్క? జెప్పెటిదానివి నువ్వైతే జెప్పుపో. నన్నైతే నడుమల పెట్టకు" అన్నాడు. అన్నాడే గానీ నా వెనకే నడిచి వచ్చాడు.

ఆ నాలుగు అడుగులు నడిచేటప్పుడు నా మనసులో మెదిలింది నూరా కోపం కాదు, ఓనరూ కాదు. మా ఆయన పోయిన రోజు ఎవరో పెద్దావిడ నల్లపూసలు తియ్యమంది. తీసి ఇచ్చాను. ఈ దేశం వచ్చిన మొదటి రోజు, ముక్కుపుడక తీసి పెట్టెలో పెట్టుకోమన్నారు. తీసి పెట్టుకున్నాను. ఎందుకని నేను అడగలేదు, నీకేమన్నా ఇబ్బందా అని వాళ్లూ అడగలేదు. తీయమంటే తీసేస్తాం. దానితోపాటు మనలోంచి ఏం ఊడివచ్చిందో తీయమన్నవాళ్లకు తెలీదు. వాళ్లు చెడ్డవాళ్లు కాకపోవచ్చు. నేను కూడా చెడ్డదాన్నేం కాదు. కార్పెట్ మాయకూడదనుకున్నాను, అంతే.

బూటు పికప్పు కిటికీలోంచి అందిస్తూ చెప్పేశాను. "బాబా, మీ కాలు బాగానే ఉంది. గుంటే తప్పు. మీ బూటు విప్పించి నేను కొలత తీశాను. తప్పు నాది."

నూరా బూటు వైపు, నా వైపు, తండ్రి వైపు చూసింది. కోపమంతా తండ్రి మీదికే పోయింది. "నువ్వెందుకు చెప్పలేదు బాబా? ఈ బూటు లేకుండా ఇంట్లో బాత్రూముకు కూడా పోవు కదా?"

ఆయన బూటు ఒళ్లో పెట్టుకున్నాడు. దాని లేసు సర్దుతూ అన్నాడు. "ఆడమనిషి, తన చేత్తో పరిచిన కార్పెట్. తీయమంది, తీశాను. అది తీయనంటే, ఎందుకో చెప్పాలి కదా."

నేను నూరా వైపు తిరిగాను. "అమ్మా నూరా, అమ్మకానికి ఇంకో పది రోజులాగు. గుంట చిన్నదైంది కాబట్టి బతికిపోయాం. పెద్దది చేయగలం. పెద్దదై ఉంటే చిన్నది చేయలేకపోయేవాళ్లం."

"మళ్లీ పడితే?"

"పడితే ఈసారి నా కాలు విరగ్గొట్టు" అన్నాను. పెద్దాయన నవ్వాడు. నూరా బండి స్టార్టు చేసి, పోయే ముందు చెప్పింది: "పది రోజులు. పదకొండో రోజు లేదు."

ఓనరుకు కూడా నేనే చెప్పాను. ఆయన అరవలేదు. "నీకు కొలత తప్పుతుందా?" అని ఒక్కమాట అన్నాడు. అరిచినా బాగుండేది.

రెండోసారి కొలత తీసిన రోజు కార్పెట్ మీద నా పాత దుప్పటి పరిచాను. బూటు వేసుకుని ఎక్కమన్నాను. అబూ నాసర్ దుప్పటి వైపు, నా వైపు చూసి, అడుగు జాగ్రత్తగా వేశాడు. ఈసారి పౌడరు బూటు అడుగుకు పట్టించాను. రెండు కాళ్లూ సమంగా నేలకు ఆనాయి. ఎంత నిటారుగా నిలబడ్డాడో! మొదటిసారి వేళ్ల మీద వంకరగా నిలబడిన మనిషిని చూసి, ఈయన నిలబడే తీరే ఇంత అనుకున్నాను నేను.

చెక్క తీసేయడం సులువు. వెడల్పు పెంచడమే కష్టం. అచ్చు ప్రకారం కుడి పక్కకు రెండు వేళ్లు జరగాలి. అక్కడ అడ్డ దూలం ఉంది.

"అయితలేదు అక్కా" అన్నాడు మల్లేశం. "దూలం సగం గోస్తే డెక్కు ఊగుతది. మనిషి నిలవడంగనే బుస్సున కిందికి వోతది."

"ఎడమకు జరిపితే?"

"వైర్ల కట్ట లేదా ఆడ? మోటరు కేబులు గిట్ల మలుగుతదా? ఇరుగుతది."

ఇద్దరం చాయ్ తాగుతూ చాలాసేపు ఆ రంధ్రం వైపే చూస్తూ కూర్చున్నాం. చివరికి మల్లేశమే దారి చెప్పాడు. కోయక ముందే దూలానికి రెండు పక్కలా అల్యూమినియం కోణాలు, అంటే ఎల్ ఆకారం పట్టీలు, పొడుగునా బోల్టులతో బిగించాలి. బరువు వాటి మీదికి మారాకే దూలం కోయాలి. పై నుంచి బోల్టు ఆయన తిప్పుతుంటే, కింద హాచ్‌లో పడుకుని నట్టు నేను పట్టుకోవాలి. అట్లా పన్నెండు బోల్టులు. లోపల రెజిన్ వాసనకు కళ్లలో నీళ్లు కారుతున్నాయి.

"అక్కా, బతికున్నవా?" అని పైనుంచి డెక్కు మీద తట్టేవాడు.

"సచ్చింటే నట్టు ఎవురు పట్టుకున్యారబ్బా? తిప్పు."

కొత్త ట్రే విషయంలో నేను ఒక్కటే పట్టుబట్టాను. పాత ట్రేకి నాలుగు గోడలూ నిటారుగా ఉన్నాయి. ఈసారి వెనక గోడ వాలుగా వంచమన్నాను, మా మెత్తల అంచు వాలుగా కుట్టినట్టు. మల్లేశానికి నచ్చలేదు. "గట్లయితే మడిమె జారుతది గదా" అన్నాడు. జారాలనే కదా నేను చెప్పేది అన్నాను. కాలు లోపలికి పోయే దారి మనం చూసుకుంటాం. ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి వచ్చే దారి ముందు చూడాలి. మొన్న పడవ గుండ్రంగా తిరిగింది కాలు పోక కాదు, రాక. అప్పటినుంచి మా షాపులో ట్రేలన్నీ వెనక వాలుతోనే చేస్తున్నారు.

తొమ్మిదో రోజున మళ్లీ జెట్టీ. మల్లేశం పడవెక్కబోతే అబూ నాసర్ చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వు కూడా వద్దు. మనిషి ఉంటే పట్టుకుంటాడు." లైఫ్ జాకెట్ బకిల్ తనే పెట్టుకున్నాడు. నూరా ఆయన బెల్టు వైపు చాచిన చెయ్యి వెనక్కి లాక్కుంది. అట్లా లాక్కోవడానికి ఆ పిల్లకు ఎంత బలం కావాల్సి వచ్చిందో పక్కన నిలబడిన నాకు తెలుసు.

పడవ గట్టు నుంచి ఇరవై గజాలు పోయింది. ఆయన ముందుకు నడిచాడు. బూటు గుంటలో పెట్టాడు. మోటారు చప్పుడు వినపడదు కదా, పడవ తనంతట తనే కదిలినట్టు కదిలింది. కుడికి తిరిగింది. నూరా గట్టు అంచుకు జరిగింది. పడవ కుడికి తిరగడం ఆపి ఎడమకు మళ్లింది, తర్వాత నేరుగా పోయింది. మధ్యలో ఆయన కాలు బయటికి తీసి డెక్కు మీద పెట్టాడు, మళ్లీ లోపల పెట్టాడు, మళ్లీ తీశాడు. మాకు చూపించడానికే అట్లా చేశాడు. నూరా వీడియో తీద్దామని ఫోను బయటికి తీసి, ఎత్తబోయి, మళ్లీ బ్యాగులో వేసుకుంది. గాలం విసిరిన చప్పుడు ఒక్కటి వినపడింది. ఆయన గాలం పట్టుకుని నిలబడ్డాడు. పొద్దు నీళ్లకు తగిలేదాకా నిలబడ్డాడు. ఒక్క చేప కూడా పడలేదు. గట్టుకు వచ్చి, చెయ్యి అందించబోయిన కూతురి చేతిలో గాలం పెట్టి, తనే ఎక్కాడు.

"ఏం పడింది బాబా?" అని అడిగింది నూరా.

"నేను పడలేదు" అన్నాడు.

ఆ తర్వాత కూడా చాలా పడవలకు ట్రేలు పెట్టాం. కార్పెట్ మాయకూడదన్న పట్టు నాకు పోలేదు, పోదు కూడా. ఇప్పుడు దుప్పటి నేనే పరుస్తాను. సముద్రంలో ఏమేసుకుంటారో అదే వేసుకుని ఎక్కమంటాను. ఎవరైనా మెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగితే, ఎందుకు ఆగారని అడుగుతాను. మనుషులు మన మర్యాద కోసం ఏదో ఒకటి విప్పి పక్కన పెట్టి వస్తారు. అది చూడకుండా తీసిన కొలత వాళ్లది కాదు, మన కార్పెట్‌ది.

ఇంకొకటి మాత్రం మల్లేశానికి, కొత్తగా వచ్చినవాళ్లకు ఇప్పటికీ చెప్తుంటాను. కాలు సరిపోలేదని ఎవరన్నా వస్తే, కాలి వైపు తర్వాత చూడండి. ముందు మనం కోసిన గుంటలో చెయ్యి పెట్టి చూడండి.